భూకంపానికి మన ఇల్లు సిద్ధమేనా? బీరువా దగ్గర నుంచి పిల్లర్ల దాకా

2024 డిసెంబరు 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలు. పిల్లలకు బాక్సులు సర్దే వేళ. ములుగు జిల్లాలో 40 కిలోమీటర్ల లోతున భూమి కదిలింది. తీవ్రత 5.3. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ దాకా ఇళ్ళలో ఫ్యాన్లు ఊగాయి, వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి, మంచాలు కదిలాయి. కొన్ని సెకన్లలో అంతా సద్దుమణిగింది. పెద్ద నష్టమేమీ జరగలేదు. ఆ పూటంతా టీవీల్లో సీసీ కెమెరా దృశ్యాలు తిరిగాయి. నాలుగు రోజులకు ఆ సంగతి మరుగున పడిపోయింది.

ఆ కొన్ని సెకన్లలో జనం ఏం చేశారన్నది మాత్రం మరిచిపోకూడదు. చాలామంది బయటికి పరుగెత్తారు. నేల ఇంకా ఊగుతుండగానే పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగారు. ఆ రోజు ఊపు చిన్నది కాబట్టి సరిపోయింది. అదే గట్టిగా ఊగి ఉంటే ఆ పరుగే ప్రాణం మీదికి తెచ్చేది. తుపాను వస్తోందంటే ఏం చేయాలో కోస్తా జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వరద గురించి గోదావరి ఒడ్డున ఎవరికీ చెప్పక్కర్లేదు. భూకంపం దగ్గరికి వచ్చేసరికి "మనకు రాదులే" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

ఆ మాట నిజం కాదు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. ములుగు భూకంపం వచ్చిన నెలలోనే ప్రకాశం జిల్లా తాళ్లూరు, ముండ్లమూరు మండలాల్లో వరసగా చిన్న ప్రకంపనలు వచ్చాయి. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే భారత ఫలకం, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, ఫలకం అంతటా పరుచుకుంటుంది. గోదావరి లోయ వెంబడి భూమిలో కోట్ల ఏళ్ళ నాటి పగుళ్ళు ఉన్నాయి. ఒత్తిడి పేరుకున్నప్పుడు వాటిలో ఏదో ఒకటి జారుతుంది. భద్రాచలమైనా ములుగైనా ఆ లోయ పరిసరాల్లోనివే.

భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని విభజించిన 2002 నాటి మ్యాప్‌లో హైదరాబాద్, కర్నూలు, విశాఖపట్నం రెండో జోన్‌లో ఉన్నాయి. విజయవాడ, నెల్లూరు, భద్రాచలం పరిసరాలు మూడో జోన్‌లో ఉన్నాయి. రెండో జోన్ అంటే తక్కువ ప్రమాదం అని అర్థం. ప్రమాదమే లేదని కాదు. ఈ తేడా తెలియాలంటే కిల్లారిని తలచుకోవాలి.

1993 సెప్టెంబరు 30. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి పరిసర గ్రామాల్లో వినాయక నిమజ్జనం ముగించుకుని జనం అలసి పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి కాస్త ముందు 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లోనూ నిద్రలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. కిల్లారి ప్రాంతంలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పటి మ్యాప్‌లో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో జోన్‌లో ఉండేది. తర్వాత ఆ ఒకటో జోన్‌నే తీసేసి రెండో దాంట్లో కలిపేశారు. అంకెల్లో చూస్తే ములుగు 5.3కూ కిల్లారి 6.2కూ తేడా ఒకటి కూడా లేదు. విడుదలైన శక్తిలో మాత్రం తేడా సుమారు ఇరవై రెట్లు. పైగా కిల్లారిలో భూకంపం పుట్టిన లోతు బాగా తక్కువ. ములుగులో 40 కిలోమీటర్ల లోతు మనల్ని కాచింది.

అంతమంది చనిపోవడానికి కారణం అక్కడి ఇళ్ళు. రెండు వైపులా రాళ్ళు పేర్చి, మధ్యలో మట్టీ గులకరాళ్ళూ నింపిన మందపాటి గోడలవి. గోడకు ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టుకునే పొడుగు రాళ్ళు లేవు. పైన దూలాల మీద ఎండకు చల్లగా ఉండాలని పోసిన మట్టి, ఏటా మరో పొర చేరుతూ టన్నుల బరువైంది. ఊపు రాగానే గోడలు రెండుగా విచ్చుకున్నాయి, కప్పు మనుషుల మీద పడింది. రాయలసీమలోనూ తెలంగాణ పల్లెల్లోనూ ఇలాంటి మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా ముసలివాళ్ళే ఉంటున్నారు. ఆ ఇళ్ళ గురించి కింద మళ్ళీ మాట్లాడుకుందాం.

కిల్లారి లాంటిది రేపే వస్తుందని భయపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తెలుగు నేల మీద ఎక్కువగా వచ్చే అవకాశం ఉన్నది మధ్యస్థమైన ఊపు. మంచి ఇల్లు కూలిపోదు, కానీ ఇంట్లో సామాను పడుతుంది. ఆ స్థాయి ప్రమాదాన్ని చాలా తక్కువ ఖర్చుతో తప్పించుకోవచ్చు. ఆ పని మొదలుపెట్టాల్సింది పడకగదిలో.

తల మీద ఏముంది?

రాత్రి పడుకునే ముందు మంచం మీద వెల్లకిలా పడుకుని చుట్టూ చూడాలి. ఏది పడితే ఎవరి మీద పడుతుంది? భూకంపానికి ఇంటిని సిద్ధం చేయడంలో సగం పని ఈ చూపుతోనే అయిపోతుంది.

మొదట కనిపించేది ఇనుప బీరువా. చీరలు, కాగితాలు, వెండి సామానుతో నిండి అది వంద కిలోలకు తక్కువ ఉండదు. ఎత్తు ఎక్కువ, మందం తక్కువ, కింద నాలుగు చిన్న కాళ్ళు. నేల పక్కకు ఊగితే ముందుకు తూలడానికి ఇంతకన్నా అనువైన వస్తువు ఇంట్లో ఉండదు. చాలా ఇళ్ళలో అది మంచానికి రెండడుగుల దూరంలోనే ఉంటుంది. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు జపాన్‌లోని కోబె నగరంలో భూకంపం వచ్చినప్పుడు 6,400 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది ఇంట్లోనే, కూలిన కప్పుల కింద, పడిన అల్మారాల కింద నలిగిపోయినవాళ్ళు. అందుకే జపాన్ ఇళ్ళలో అల్మారాలను గోడకు బిగించడం ఇప్పుడు మామూలు సంగతి. మన బీరువాకు కావలసింది పైన రెండు ఎల్ ఆకారపు క్లాంపులు, గోడలో రెండు ప్లగ్గులు, రెండు గట్టి స్క్రూలు. డ్రిల్లింగ్ మిషన్ ఉన్న కార్పెంటరుకు అరగంట పని. బీరువాకు కన్నం పెట్టడం ఇష్టం లేకపోతే కనీసం అది పడినా మంచానికి అందనంత దూరం జరపాలి. తలుపు ముందు పడి దారి మూసుకుపోయే చోట కూడా పెట్టకూడదు. వాస్తు ప్రకారం నైరుతిలోనే ఉండాలనుకుంటే నైరుతిలోనే ఉంచి గోడకు బిగించవచ్చు, రెండిటికీ పేచీ లేదు.

తర్వాత అటక. పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందెలు, గుండిగలు, గంగాళాలు, పాత మిక్సీ, పుస్తకాల అట్టపెట్టెలు అన్నీ అక్కడే. చాలా ఇళ్ళలో అటక కింది భాగం సరిగ్గా మంచం తలవైపు ఉంటుంది. బరువైనవి కిందికి దించాలి. దించడం కుదరకపోతే అటకకు తలుపులు పెట్టించాలి, లేదా అంచుకు అడ్డంగా ఒక కర్రపట్టీ కొట్టించాలి. నాలుగు అంగుళాల పట్టీ ఉన్నా బిందె దొర్లి రాదు.

తలవైపు గోడకు పెద్ద గాజు ఫ్రేములు ఉంటాయి. పెళ్ళి ఫొటో, దండ వేసిన తాతయ్య ఫొటో, వేంకటేశ్వరస్వామి పటం. ఒక్క మేకుకు వేలాడే ఫ్రేము ఊపుకు ఎగిరి కింద పడుతుంది. వాటిని మనుషులు పడుకోని గోడకు మార్చడం ఉత్తమం. మార్చలేకపోతే మూసి ఉన్న కొక్కేనికి రెండు చోట్ల తగిలించాలి. దేవుడి గదిలో వెలిగే దీపం సంగతీ చూసుకోవాలి. ఊపుకు దీపం ఒరిగి, పక్కనే ఉన్న పట్టు వస్త్రానికో కర్పూరం డబ్బాకో అంటుకుంటే మంట లేస్తుంది. వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో కాస్త ఇసుకో బియ్యమో పోసి అందులో కుందిని కూర్చోబెడితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

వంటింట్లో లెక్క తేలిక. బరువైనవి కింద, తేలికవి పైన. ఆవకాయ జాడీలు, నూనె డబ్బాలు, గాజు సీసాలు నడుము ఎత్తుకు మించి ఉండకూడదు. గ్యాస్ సిలిండర్ నిటారుగా ఉండాలి, దొర్లకుండా గోడకు ఒక గొలుసో బెల్టో వేయవచ్చు. రబ్బరు ట్యూబుకు గడువు తేదీ ఉంటుందని చాలామందికి తెలియదు. గడువు దాటిన ట్యూబు ఒక్క గుంజుకు చిరిగిపోతుంది. రెగ్యులేటర్ ఆపడం ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉంటే చాలదు. పదేళ్ళు దాటిన పిల్లల నుంచి నానమ్మ దాకా అందరికీ చేతితో చేయించి చూపించాలి. గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన నంబరు 1906. ఇంట్లోంచి బయటికి వచ్చాకే చేయాలి.

బాత్రూములో గీజరు, హాల్లో టీవీ, మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ, బాల్కనీ గోడ మీద పూలకుండీలు. వీటిని ఒకసారి కదిపి చూస్తే వదులుగా ఉన్నదేదో తెలిసిపోతుంది. పిట్టగోడ మీద కుండీలు పెట్టడం మన ఊళ్ళలో చాలా మామూలు. అవి పడేది సొంత ఇంటివాళ్ళ మీద కాదు, కింద వీధిలో నిలబడ్డవాళ్ళ మీద. వాటిని లోపలికి దించడానికి పైసా ఖర్చు లేదు.

మేడ మీద నీళ్ళ ట్యాంకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు. ప్రెజర్ కోసం దాన్ని నాలుగు ఇటుక దిమ్మెల మీద పెడతారు, ఆ దిమ్మెల్లో ఇనుము ఉండదు. ఇల్లంతటిలో అన్నిటికన్నా ఎక్కువ ఊగేది మేడే. అందుకే కట్టడం మొత్తంలో ముందు పడేవి ఈ ట్యాంకు, పిట్టగోడ, మెట్లగది మీది గోడలు. ట్యాంకు దిమ్మెలను కాంక్రీటుతో, చువ్వలతో కట్టించడం మేస్త్రీకి రెండు రోజుల పని.

ఆ ముప్ఫై సెకన్లు

ఊపు మొదలైనప్పుడు పరుగెత్తవద్దని చాలా దేశాల విపత్తు సంస్థలు చెబుతాయి. దానికి కారణం తెలిస్తేనే ఆ మాట గుర్తుంటుంది. గట్టిగా ఊగుతున్న నేల మీద మనిషి నిలబడలేడు, నాలుగు అడుగులు వేస్తే పడతాడు. మెట్లు భవనంలో బిగుసుకుపోయిన భాగం. భవనం అటూ ఇటూ వంగుతుంటే మెట్ల స్లాబు వంగలేక ముందే విరుగుతుంది. ఒకవేళ క్షేమంగా కిందికి చేరినా, గడప దాటగానే పిట్టగోడ ఇటుకలు, కిటికీ అద్దాలు, ఏసీ డబ్బాలు పడే చోటే నిలబడతాం. లిఫ్టు సంగతి చెప్పనక్కర్లేదు.

చేయాల్సింది మూడు ముక్కలు. మోకాళ్ళ మీద కూర్చోవాలి, తలా మెడా దాచుకోవాలి, పట్టుకోవాలి. గట్టి డైనింగ్ టేబులో చదువుకునే బల్లో ఉంటే దాని కిందికి దూరి కాలు పట్టుకోవాలి. బల్ల జరిగితే దానితోపాటు జరగాలి. మన ఇళ్ళలో చాలాచోట్ల బల్ల ఉండదు. అప్పుడు కిటికీలకూ బీరువాకూ దూరంగా, లోపలి గోడ పక్కన కూర్చుని రెండు చేతులతో మెడ కప్పుకోవాలి. రాత్రి మంచం మీద ఉంటే దిగకుండా బోర్లా తిరిగి దిండు తల మీద పెట్టుకోవాలి. తల మీద పడేవాటిని ముందే తీసేస్తేనే ఈ సలహా పనికొస్తుంది. పడకగదితో మొదలుపెట్టమన్నది అందుకే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మను నేల మీదికి వంగమనలేం. ఆవిడ కుర్చీలోనే ముందుకు వంగి దిండుతో తల కప్పుకుంటే చాలు. గుమ్మం కింద నిలబడటం పాత సలహా, ఇప్పటి ఇళ్ళలో గుమ్మానికి ప్రత్యేకమైన బలమేమీ లేదు.

ఒక్క మినహాయింపు ఉంది. పైన చెప్పిన మట్టి మిద్దెలు, రాతి గోడల పాత ఇళ్ళు. అక్కడ బల్ల కింద దూరినా టన్నుల మట్టి నుంచి అది కాపాడదు. అలాంటి ఇంట్లో, నేల అంతస్తులో, తలుపు నాలుగైదు అడుగుల దూరంలో ఉండి, బయట ఇరుకు సందు కాకుండా ఖాళీ స్థలం ఉంటే వెంటనే బయటికి వెళ్ళడమే మంచిది. ఊళ్ళో అమ్మానాన్నలు అలాంటి ఇంట్లో ఉంటే వాళ్ళ మంచం తలుపు దగ్గరికి మార్చడం ఈ వారమే చేయగలిగిన పని. కప్పు మీద పేరుకున్న అదనపు మట్టి పొరలు తీయించడం ఈ వేసవిలో చేయగలిగినది.

ముందస్తు హెచ్చరిక గురించి కూడా చెప్పుకోవాలి. భూకంపం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగలిగినవాళ్ళు ప్రపంచంలో ఎవరూ లేరు. "ఈ రాత్రి 2 గంటలకు మళ్ళీ వస్తుంది" అని వాట్సాప్‌లో తిరిగేవన్నీ అబద్ధాలే. కానీ భూకంపం మొదలయ్యాక, మొదటి చిన్న తరంగాన్ని పసిగట్టి, వెనకాల వచ్చే పెద్ద తరంగం చేరేలోపు ఫోన్లకు కబురు పంపే పద్ధతి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ హెచ్చరికలు మన దేశంలో 2023 సెప్టెంబరు నుంచి ఉన్నాయి. కొన్ని సెకన్ల వ్యవధి మాత్రమే దొరుకుతుంది, భూకంపం పుట్టిన చోటికి బాగా దగ్గరైతే అదీ దొరకదు. ఆ కొద్ది సెకన్లలో స్టవ్ కట్టేసి బల్ల కిందికి చేరడం సాధ్యమే. సెట్టింగుల్లో ఆ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

మూడు రోజుల సంచి, ఒక దూరపు ఫోన్ నంబరు

పెద్ద భూకంపం తర్వాత కరెంటు పోతుంది. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. అందుకే మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా తాగునీళ్ళు మూతలున్న క్యాన్లలో ఉండాలి. నలుగురున్న ఇంటికి ఇంచుమించు 50 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండున్నర. తిండి సంగతిలో మన వంటిల్లే పెద్ద వరం. అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, పల్లీలు, బెల్లం, ఖర్జూరం పొయ్యి లేకుండానే కడుపు నింపుతాయి. వీటిని కొత్తగా కొని మూలన పడేయడం కన్నా రోజువారీ వాడకంలోనే తిప్పుతూ, ఎప్పుడూ ఒక డబ్బా అదనంగా ఉండేలా చూసుకుంటే పాడవ్వవు.

సంచిలో టార్చి, బ్యాటరీలు, పవర్ బ్యాంకు, చిన్న రేడియో, ఈల, కొంత నగదు ఉంచాలి. చిల్లర నోట్లుగా ఉంచాలి, నెట్‌వర్క్ లేనప్పుడు యూపీఐ పనిచేయదు. ఈల ఎందుకంటే, శిథిలాల కింద చిక్కుకున్న మనిషి గొంతు అరిచి అరిచి త్వరగానే బొంగురుపోతుంది. ఈల శబ్దం చాలా దూరం వినిపిస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా ఉండాలి, చీటీ ఫొటో ఫోన్లో ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఫ్రిజ్ ఆగితే తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ ఆదుకుంటుంది. ఆధార్, పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటి దస్తావేజుల నకళ్ళు ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. ఇక అందరూ మరిచిపోయేది చెప్పులు. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం, అవన్నీ గుమ్మం బయటే ఉంటాయి. అర్ధరాత్రి చీకట్లో పగిలిన గాజు మీద వట్టి కాళ్ళతో నడవాల్సి వస్తే గుమ్మం దాకా కూడా చేరలేం. ప్రతి మంచం కాలికీ ఒక గుడ్డసంచి కట్టి, అందులో ఒక జత పాత చెప్పులు, చిన్న టార్చి ఉంచితే చాలు.

కుటుంబంలో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద టెన్షన్. భూకంపం పగలు వస్తే పిల్లలు బడిలో, నాన్న ఆఫీసులో, అమ్మ ఇంకో చోట ఉంటారు. అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తే లైన్లు నిండిపోతాయి. ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు ఒకరికొకరు చేసుకునే కన్నా, దూరపు ఊళ్ళో ఉన్న ఒక్కరికి చెప్పడం మేలు. మన కుటుంబాల్లో ఇంకో రాష్ట్రంలో పెద్దమ్మో బాబాయో ఉండనే ఉంటారు. "అందరం ఆవిడకే మెసేజ్ పెడదాం, ఆవిడ అందరికీ చెబుతుంది" అని ఇప్పుడే ఒప్పందం చేసుకోవాలి. కాల్ కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ వెళ్ళే అవకాశం ఎక్కువ. ఆ నంబరు పిల్లలకు నోటికి రావాలి. ఫోన్లో సేవ్ అయిన నంబరు ఫోన్ పోయినరోజు పనికిరాదు. పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారు, ఇంటికి వెళ్ళలేకపోతే ఎక్కడ కలవాలి అన్నవి కూడా ముందే అనుకోవాలి. రామాలయం ముందు ఖాళీ స్థలమో కాలనీ పార్కో అయితే మంచిది, కరెంటు తీగలూ ఎత్తైన గోడలూ లేని చోటు.

ఇవన్నీ ఒకసారి చెబితే సరిపోదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏటా అక్టోబరు మూడో గురువారం బడుల్లో, ఆఫీసుల్లో లక్షల మంది ఒకేసారి బల్లల కింద దూరి అభ్యాసం చేస్తారు. మన ఇంట్లో ఒక ఆదివారం సాయంత్రం ఆటలా చేయవచ్చు. "భూకంపం!" అని అరిచి పదంకెలు లెక్కపెడితే ఎవరు ఎక్కడ దాక్కున్నారో చూడవచ్చు. పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు. వాళ్ళే ఆ తర్వాత తాతయ్యకు నేర్పుతారు.

కాలిఫోర్నియా ప్రస్తావన ఊరికే తేలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండే ఫ్రీమాంట్ ఊరి మధ్య నుంచే హేవార్డ్ భ్రంశరేఖ, అంటే భూమిలోని పెద్ద పగులు, పోతుంది. దాని మీద చివరి పెద్ద భూకంపం 1868లో వచ్చింది. 2014 నుంచి 2043 లోపు బే ఏరియాలో 6.7 లేదా అంతకు మించిన భూకంపం వచ్చే అవకాశం 72 శాతమని అక్కడి భూగర్భ సర్వే సంస్థ అంచనా. అక్కడి ఇళ్ళు చెక్కవి, తేలికైనవి. పునాదికి సరిగ్గా బోల్టులు లేని పాత ఇళ్ళయితే పునాది మీద నుంచి జారిపోతాయి. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో అక్కడ భూకంపం కలవదు, విడిగా తీసుకోవాలి. మన దేశంలో 2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో భూకంపం కలిసే ఉంటుంది. గ్యాస్ సంగతి కూడా తిరగబడుతుంది. ఇక్కడ సిలిండర్ వెంటనే ఆపేయాలి. అక్కడ పైపు గ్యాస్‌ను వాసన వస్తేనో బుసలు వినిపిస్తేనో తప్ప ఆపకూడదు, ఎందుకంటే తిరిగి తెరవడానికి కంపెనీ మనిషి రావాలి, దానికి రోజులు పట్టవచ్చు. ఆరు నెలలు ఉండటానికి వెళ్ళే అమ్మానాన్నలకు మాల్స్, గుళ్ళు చూపించే ముందే, ఒంటరిగా ఇంట్లో ఉన్నప్పుడు ఊపు వస్తే ఏ బల్ల కింద దూరాలో చూపించాలి.

పిల్లర్లో రింగులు

ఇంటి లోపల ఎంత సర్దినా ఇల్లే నిలబడకపోతే ఏం లాభం? ఇక్కడ మన పట్టణాల మీద గట్టిగా మాట్లాడాల్సిన అవసరం ఉంది.

2001 జనవరి 26 ఉదయం గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో భూకంపం వచ్చింది. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందల మంది చనిపోయారు. కూలిన వాటిలో చాలా భవనాలది ఒకే పోలిక. కింద పార్కింగ్ కోసం గోడలు లేని పిల్లర్లు, పైన ఇటుక గోడలతో నిండిన అంతస్తులు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, విశాఖల్లో గత ముప్ఫై ఏళ్ళలో లేచిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ వాటిది కూడా ఇదే పోలిక. పై అంతస్తులు గోడల వల్ల పెట్టెలా బిగిసి ఉంటాయి. ఊపు వచ్చినప్పుడు వంగాల్సినదంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. కర్రల మీద పెట్టిన బరువైన పెట్టెను పక్కకు తోస్తే ఏమవుతుందో అదే అవుతుంది.

పార్కింగ్ వద్దనడం కాదు. ఆ పిల్లర్లను ఆ లెక్కతో డిజైన్ చేయాలి, కొన్నిచోట్ల కాంక్రీటు గోడలు వేయాలి. పిల్లర్లో నిలువు చువ్వలకు చుట్టూ కట్టే రింగులే ఊపులో పిల్లరును పట్టి ఉంచేవి. భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో ఉన్న ఐఎస్ 13920 ప్రమాణం ప్రకారం పిల్లరు కిందా పైనా, బీము కలిసే చోట ఈ రింగుల మధ్య ఎడం 100 మిల్లీమీటర్లకు, అంటే నాలుగు అంగుళాలకు మించకూడదు. రింగు కొనలు లోపలి కాంక్రీటులోకి 135 డిగ్రీలు వంచి ఉండాలి. చాలా సైట్లలో వాటిని 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు. ఊపుకు పైపూత ఊడగానే ఆ కొనలు విచ్చుకుంటాయి, పిల్లరు ఉబ్బి నలిగిపోతుంది. బీమూ పిల్లరూ కలిసే చోట కడ్డీలు కట్టడం కష్టమని అక్కడ రింగులే వేయని సందర్భాలూ ఉన్నాయి. మూడో జోన్‌లో ఈ ప్రమాణం తప్పనిసరి. ఇల్లు కట్టుకునేవాళ్ళు సింహద్వారం దిక్కు కోసం నలుగురిని అడుగుతారు, టైల్స్ కోసం పది షాపులు తిరుగుతారు. స్లాబు పోసే ముందురోజు సైట్‌కి వెళ్ళి టేపుతో రింగుల మధ్య ఎడం కొలిచేవాళ్ళు ఎంతమంది? ఒక్కసారి కాంక్రీటు పడ్డాక ఆ లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. స్ట్రక్చరల్ ఇంజనీరు గీసిన డ్రాయింగు కావాలని అడగాలి, దాని ప్రకారమే కట్టారో లేదో చూడటానికి ఆ ఇంజనీరునే సైట్‌కి రప్పించాలి. ఇంటి ఖర్చులో ఆ ఫీజు ఏపాటి?

నేల కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ కింద గట్టి రాయి ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మెత్తటి ఒండ్రు ఉంది. మెత్తటి నేల ఊపును పెంచుతుంది, నీటితో నిండిన ఇసుక నేల గట్టి ఊపులో ద్రవంలా జారిపోగలదు. డెల్టాలో ఇల్లు కట్టేవాళ్ళకు మట్టి పరీక్ష దండగ ఖర్చు కాదు.

ఇప్పటికే కట్టిన ఇంట్లో ఉంటున్నవాళ్ళు చేయగలిగింది ఏమిటంటే, పిల్లర్లను తాకే ఏ పనీ ఇంజనీరును అడగకుండా చేయకూడదు. పైప్‌లైన్ కోసం బీము తొలచడం, హాలు పెద్దది చేయడానికి గోడ తీసేయడం, అనుమతి లేని అంతస్తు ఎక్కించడం ఇలాంటివే. అసోసియేషన్ సమావేశంలో లిఫ్టు, రంగుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఒకసారి స్ట్రక్చరల్ ఆడిట్, అంటే భవనం బలాన్ని ఇంజనీరుతో పరీక్ష చేయించడం గురించీ మాట్లాడాలి. పార్కింగ్ పిల్లర్లకు కాంక్రీటు తొడుగు వేసి బలపరచే పద్ధతులు ఉన్నాయి. వాటి ఖర్చు ఫ్లాట్ల మధ్య పంచుకుంటే మోయలేనిదేమీ కాదు.

ఊపు ఆగాక

ఆగిన వెంటనే చెప్పులు వేసుకుని, గ్యాస్, మెయిన్ స్విచ్ ఆపి, మెట్ల మీదుగా నెమ్మదిగా దిగాలి. గ్యాస్ వాసన వస్తుంటే స్విచ్ ముట్టుకోకుండా బయటపడాలి. దెబ్బ తగిలినవాళ్ళు ఉంటే 112కు ఫోన్ చేయాలి. గంటల్లో, రోజుల్లో చిన్న ప్రకంపనలు మళ్ళీ వస్తాయి. మొదటి ఊపుకు బలహీనపడిన గోడ రెండోదానికి పడుతుంది. సామాను కోసం వెనక్కి వెళ్ళేవాళ్ళు దెబ్బ తినేది అప్పుడే.

తిరిగి లోపలికి వెళ్ళవచ్చా అన్నది పగుళ్ళు చూసి కొంత చెప్పవచ్చు. సిమెంటు పూతలో వెంట్రుకవాసి గీతలు, ఇటుక గోడకూ బీముకూ మధ్య సన్నని చీలిక ఉంటే సాధారణంగా భయపడక్కర్లేదు. పిల్లరు మీద ఏటవాలు పగులు, కాంక్రీటు ఊడి చువ్వలు కనిపించడం, తలుపులు హఠాత్తుగా పట్టేసి మూసుకోకపోవడం, అంతస్తు ఒక పక్కకు వాలినట్టు అనిపించడం వేరు. వాటిలో ఏది కనిపించినా ఇంజనీరు వచ్చి చూసి సరే అనేదాకా ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదు. అలాంటి రాత్రి కుటుంబం ఎక్కడ పడుకుంటుంది? సంచిలో ఒక టార్పాలిన్ పట్టా, రెండు దుప్పట్లు కూడా పెట్టుకోవాలి. డిసెంబరు ఉదయాల్లో ములుగులో చలి ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్ళకు తెలుసు.